సీట్‌పోస్ట్ మెత్తదనం: లోహం పేరు కన్నా కొలతలే ముఖ్యం

ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి దగ్గర కృష్ణ కరకట్ట ఎక్కిన హార్డ్‌టెయిల్‌కి తారు బాగున్నంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. కంకర తేలిన ముక్క వచ్చేసరికి తేడా తెలుస్తుంది. ముందు ఫోర్కు గతుకుల్ని మింగేస్తుంది, వెనక చక్రానికి తగిలిన దెబ్బ మాత్రం నేరుగా నడుము దాకా వస్తుంది. హార్డ్‌టెయిల్ అంటేనే వెనక షాక్ లేని సైకిల్ కాబట్టి ఇందులో వింతేమీ లేదు. గంటన్నర తొక్కి ఇంటికొచ్చి కుర్చీలో కూర్చోవడానికి వెనకాడే మనిషికి మొదట తట్టే ఆలోచన సీటు రాడ్డు, అంటే సీట్‌పోస్ట్, మార్చడం. ఇప్పుడున్నది అల్యూమినియం, టైటానియం వేస్తే మెత్తగా ఉంటుందట, కార్బన్ వేస్తే ఇంకా మెత్తగా ఉంటుందట. స్టీల్ ఫ్రేమ్ ఉన్నవాళ్లకి ఈ కోరిక మరికాస్త బలంగా ఉంటుంది. ఫ్రేమే స్ప్రింగులా పనిచేస్తుందని నమ్మి కొన్నారు కదా, దానికి జోడీగా పోస్ట్ కూడా అలాంటిదే ఉండాలనిపిస్తుంది.

ముందు ఫ్రేమ్ సంగతి చూస్తే, ఆ నమ్మకంలో సగమే నిజం. సైకిల్ వెనక భాగం ఒక త్రికోణం. పై నుంచి బరువు పడినప్పుడు త్రికోణంలోని పైపులు వంగవు, వాటి మీద లాగుడూ నొక్కుడే పడతాయి. అలా పడిన పైపు కదిలేది మిల్లీమీటరులో చిన్న వంతు. స్టీల్ ఫ్రేమ్ పక్కలకి కాస్త ఆడుతుంది, పెడల్ మీద నిలబడి తొక్కుతుంటే ఆ ఆట తెలుస్తుంది కూడా. కూర్చున్నవాడి వెన్నుకి మాత్రం దానివల్ల పెద్దగా ఒరిగేది లేదు. ఇక వెనక చక్రానికీ మనిషికీ మధ్య మిగిలినవి మూడే: టైరు, సీట్‌పోస్ట్, సీటు.

సీట్‌పోస్ట్ ఎలా వంగుతుందో తెలిస్తే ఏది కొనాలో సగం తేలిపోతుంది. కింద ఫ్రేమ్‌లో బిగించి, పైన బరువు పెట్టిన కడ్డీ అది. గోడలో పాతిన కొక్కేనికి సంచీ తగిలించినట్టే. కాకపోతే ఈ కొక్కెం దాదాపు నిలువుగా ఉంటుంది. పోస్ట్ దిగే ఫ్రేమ్ గొట్టం, అంటే సీట్ ట్యూబ్, మామూలుగా నేలతో 73 డిగ్రీల కోణంలో నిలబడుతుంది. అంటే సీటు మీద పడే బరువులో 95 శాతం పోస్ట్ పొడవునా నేరుగా కిందికి దిగిపోతుంది, ఆ భాగం పోస్ట్‌ని వంచదు. అడ్డంగా తోసి వంచేది 29 శాతం బలమే (ఇవి రెండు వేర్వేరు దిశల బలాలు కాబట్టి నేరుగా కూడితే వంద రాదు). కొత్త తరం హార్డ్‌టెయిళ్లలో కోణం 75, 76 డిగ్రీలకి నిటారుగా వచ్చేసింది కాబట్టి వాటిలో ఇంకా తక్కువ.

ఒక లెక్క వేసి చూద్దాం. 75 కిలోల మనిషి, అందులో 45 కిలోలు సీటు మీద ఉన్నాయనుకుందాం. పోస్ట్ 27.2 మి.మీ. అల్యూమినియం, గోడ మందం 2.2 మి.మీ., ఫ్రేమ్ బయట కనిపించే పొడవు 20 సెం.మీ. ఊరికే కూర్చున్నప్పుడు ఈ పోస్ట్ తల వెనక్కి జరిగేది సుమారు 0.36 మి.మీ. గతుకులో దెబ్బ మూడింతలైతే ఒక మిల్లీమీటరు. అదీ వెనక్కి. కిందికి దిగేది అందులో మూడో వంతుకి కూడా రాదు.

ఇప్పుడు అదే 27.2 మి.మీ. బయటి కొలత ఉంచి లోహం మారుద్దాం. సాగే గుణం విషయంలో అల్యూమినియం కన్నా టైటానియం ఒకటిన్నర రెట్లు మొండిది, స్టీల్ దాదాపు మూడు రెట్లు మొండిది. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు. టైటానియం మెత్తన, అల్యూమినియం గట్టి అన్న మాట వాడుకలో అంతగా పాతుకుపోయింది. టైటానియం, స్టీల్ బలమైనవి కాబట్టి వాటి గోడ పల్చగా చేయొచ్చు, ఆ పల్చదనం వల్లే వంపు తిరిగి వస్తుంది. గోడ 1.6 మి.మీ. ఉన్న టైటానియం పోస్ట్ తల 0.30 మి.మీ. కదులుతుంది, అంటే అల్యూమినియం కన్నా తక్కువే. గోడని 1.2 మి.మీ.కి పల్చన చేస్తే 0.38 వస్తుంది, అంటే అల్యూమినియంతో సమానం. అదే 1.2 మి.మీ. గోడతో క్రోమోలీ స్టీల్ పోస్ట్ 0.21 దగ్గరే ఆగిపోతుంది. అల్యూమినియం పోస్ట్‌కి ఎన్నో రెట్లు ధర పెట్టి టైటానియం తెచ్చుకుంటే దక్కే అదనపు మెత్తదనం మిల్లీమీటరులో యాభయ్యో వంతు, అదీ గోడ పల్చగా ఉంటేనే. కొండను తవ్వి ఎలుకను పట్టడం ఇదే.

లోహం జోలికి పోకుండా కొలతలు మారిస్తే లెక్క వేరేలా ఉంటుంది. అదే అల్యూమినియం, అదే మందం, కానీ వ్యాసం 31.6 మి.మీ. అయితే కదలిక 0.22కి పడిపోతుంది. వ్యాసం కాస్త పెరిగినా మొండితనం దాని ఘనం లెక్కన పెరుగుతుంది మరి. పొడవుదీ ఘనమే: 27.2 పోస్ట్‌ని 20 బదులు 25 సెం.మీ. బయటికి ఉంచితే కదలిక 0.36 నుంచి 0.70కి, అంటే దాదాపు రెట్టింపు. సీటు బిగించే తల 20 మి.మీ. వెనక్కి ఉన్న పోస్ట్ అయితే, ఆ వెనకబాటు వల్లే ఇంకో 0.18 కలుస్తుంది. అందుకే ఎవరైనా టైటానియం పోస్ట్ వేశాక హాయిగా ఉందని చెబితే, పాతది ఎంత లావుది, కొత్తది ఎంత సన్నది, తల నిటారుగా ఉండేదా వెనక్కి ఉండేదా అని అడగాలి. మార్పు నిజమే కావచ్చు, ఆ ఘనత మాత్రం టైటానియానిది కాకపోవచ్చు.

ఇక్కడ స్టీల్ హార్డ్‌టెయిల్‌కి ఒక సహజమైన లాభం ఉంది. పాతకాలం నుంచీ స్టీల్ సీట్ ట్యూబ్ బయటి వ్యాసం 28.6 మి.మీ., అంటే అంగుళం మీద ఎనిమిదో వంతు. గోడ పల్చగా ఉన్న మంచి ట్యూబు అయితే అందులో సరిపోయేది 27.2 పోస్టే. అల్యూమినియం ఫ్రేముల్లో 30.9, 31.6 మామూలైపోయాయి. తొక్కుతూనే సీటుని కిందికి దించగలిగే డ్రాపర్ పోస్టుల కోసం కొత్త స్టీల్ ఫ్రేములు కూడా కొన్ని అటే వెళ్లాయి. అలాంటి ఫ్రేమ్ చేతిలో ఉంటే 27.2 పోస్ట్‌ని షిమ్ము (సందు నింపే పల్చటి గొట్టం) వేసి దింపొచ్చు. ఆ షిమ్ము పోస్ట్ లోపలికి దిగిన పొడవుకి తగ్గట్టు ఉండాలి. అర అంగుళం రేకు చుట్టి పని కానిస్తే పోస్ట్ అక్కడే తెగుతుంది.

మన దగ్గర ఇంకో తిరకాసు ఉంది. ఎంటీబీ (మౌంటెన్ బైక్) పేరుతో అమ్ముడుపోయే చవక స్టీల్ సైకిళ్లలో పోస్ట్ కొలత ఇదీ అని చూడకుండా చెప్పలేం. 27.2 కాకుండా 26.8, 25.4 కూడా తగులుతుంటాయి. 0.2 మి.మీ. తేడా కంటికి ఆనదు, కానీ 27.2 ఫ్రేమ్‌లో 27.0 పోస్ట్ వేస్తే, పోస్ట్‌ని పట్టి ఉంచే క్లాంపు ఎంత బిగించినా రోజూ ఒక వేలెడు కిందికి జారుతుంది. పాత పోస్ట్ బయటికి తీసి, కింది భాగం మీద చెక్కిన అంకె చూడాలి. లేదా వెర్నియర్‌తో కొలవాలి. ఆటోనగర్‌లో ఏ లేత్ షాపులో అయినా వెర్నియర్ ఉంటుంది. అదే లేత్ మీద లావు పోస్ట్‌ని తరిగించి దింపుదామన్న ఆలోచన మాత్రం వద్దు. గోడ పల్చనైన చోటే, సరిగ్గా క్లాంపు అంచు దగ్గరే వంపు బలం అంతా పడుతుంది.

కార్బన్ విషయంలో లోహాల లెక్క పనికిరాదు. అది ఒకే రకం పదార్థం కాదు, నేసిన పట్టు లాంటిది. నారలు ఏ కోణంలో పరిచారు, ఎన్ని పొరలు వేశారు అన్నదాన్ని బట్టి ఒకే కొలత ఉన్న రెండు పోస్టుల్లో ఒకటి ఇనప కడ్డీలా, ఇంకోటి వెదురు బద్దలా ఉండొచ్చు. గుండ్రటి మామూలు కార్బన్ పోస్టుల్లో చాలావరకు బరువు తగ్గించడానికి చేసినవే, మెత్తదనం కోసం చేసినవి కావు. సన్నటి కంపనాన్ని లోహం కన్నా కాస్త బాగా పీల్చుకుంటాయి. కరుకు తారు మీద వచ్చే జివ్వుమనే వణుకు తగ్గుతుంది. గతుకు దెబ్బ తగ్గదు. మెత్తదనం కోసమే చేసిన కార్బన్ పోస్ట్ చూడగానే తెలుస్తుంది. కాన్యన్, ఎర్గాన్ కంపెనీలు తెచ్చిన రకంలో పోస్ట్ నిలువునా రెండు పలకలుగా చీలి ఉంటుంది. లారీ కమాన్ పట్టీల్లా ఆ రెండు పలకలూ ఒకదాని మీద ఒకటి జారుతూ వంగుతాయి. వాటి కదలిక సెంటీమీటరు దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి అది కూర్చున్నవాడికి నిజంగానే తెలుస్తుంది. అక్కడ కూడా పనిచేసేది ఆకారం. అదే ఆకారంలో చేస్తే లోహం త్వరగా అలిసిపోతుంది కాబట్టి కార్బన్ వాడారు.

స్టీల్ ఫ్రేమ్‌లో కార్బన్ పోస్ట్ పెట్టేవాళ్లు మూడు విషయాలు ముందే తెలుసుకోవాలి. దానికి గ్రీజు పూయకూడదు, గరుకు రేణువులున్న కార్బన్ పేస్టే వాడాలి. క్లాంపుని టార్క్ రెంచ్‌తో (బిగింపు బలం కొలిచే పానా), పోస్ట్ మీద రాసిన అంకె దాటకుండా, సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగించాలి. సందులో షాపు కుర్రాడు అలెన్ కీ మీద బలమంతా పెట్టి బిగిస్తే నార లోపలే నలిగిపోతుంది, పైకి ఏమీ కనపడదు. చీలిన కార్బన్ ముందుగా వంగి హెచ్చరించదు, పుటుక్కున విరుగుతుంది. మూడోది, సీట్ ట్యూబ్ లోపల గరుకు అంచులు, వెల్డింగ్ బొబ్బలు ఉంటే కార్బన్‌కి గీతలు పడతాయి. చవక స్టీల్ ఫ్రేములో వేలు పెట్టి తడిమితే ఈ బొబ్బలు తగులుతాయి. అవి నున్నగా అయ్యాకే కార్బన్ దింపాలి.

నిజంగా గతుకే సమస్య అయితే కదిలే కీళ్లున్న సస్పెన్షన్ పోస్ట్ దగ్గరికి పోవాలి. అందులో రెండు జాతులున్నాయి. ఒకటి టెలిస్కోప్ రకం: గొట్టంలో గొట్టం దిగుతుంది, లోపల స్ప్రింగు. చవకది, కొన్ని సైకిళ్లకి కంపెనీ నుంచే వస్తుంది. కొన్నాళ్లకి సీటు అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది, చిన్న గతుకులకి పట్టుకుపోయి కదలదు. రెండోది నాలుగు కీళ్ల రకం: కేన్ క్రీక్ థడ్‌బస్టర్, సన్‌టూర్ ఎన్‌సీఎక్స్, రెడ్‌షిఫ్ట్ షాక్‌స్టాప్ ఈ కోవలోవి. ఇందులో సీటు కిందికీ వెనక్కీ కలిపి జరుగుతుంది. గతుకు ఎక్కిన చక్రం తోసే దిశ కూడా దాదాపు అదే కాబట్టి సాఫీగా పనిచేస్తుంది. షాక్‌స్టాప్ 35 మి.మీ., ఎన్‌సీఎక్స్ 50 మి.మీ. దిగుతాయి. ఇందాకటి 0.36తో పోల్చి చూస్తే తేడా అర్థమవుతుంది. వీటికి బరువు ఎక్కువ, క్లాంపుకీ సీటుకీ మధ్య జాగా ఎక్కువ కావాలి. పెద్ద సైజు ఫ్రేమ్ కొన్న పొట్టి మనిషికి అసలు పట్టవు. కీళ్లలో దుమ్ము చేరితే కిర్రుమంటాయి. థడ్‌బస్టర్‌లో స్ప్రింగు బదులు రబ్బరు లాంటి ముక్కలుంటాయి, అవి చలికి గట్టిపడి ఎండకి మెత్తబడతాయి. చలి దేశాల్లో వాటి గురించి రాసే ఫిర్యాదులు విజయవాడకి వర్తించవు. ఇక్కడి సమస్య దానికి ఉల్టా, ఎండకి మెత్తబడటం. ఆ ముక్కల్ని బరువుని బట్టి ఎంచుకోవాలి కాబట్టి, రెండు గట్టిదనాల మధ్య పడే బరువున్నవాళ్లు గట్టి ముక్కే తీసుకోవడం మేలు.

అయితే ఇంత ఖర్చుకి ముందు ఒక పని మిగిలి ఉంది. దానికి పైసా ఖర్చు లేదు. గవర్నర్‌పేటలో అయినా గుంటూరు బ్రాడీపేటలో అయినా షాపులో గాలి కొట్టమంటే టైరు రాయిలా అయ్యేదాకా కొడతారు. బొటనవేలు దిగకపోతేనే గాలి నిండినట్టు అనే లెక్క రోడ్‌స్టర్ సైకిళ్ల కాలం నాటిది. 2.25 అంగుళాల టైరుకి, 75 కిలోల మనిషికి వెనక 28, 30 పీఎస్‌ఐ చాలు. ఆ గాలితో టైరు ఊరికే కూర్చున్నప్పుడే ఐదారు మిల్లీమీటర్లు నొక్కుకుంటుంది, అదీ నేరుగా కిందికి. ఏ రాడ్డూ ఇవ్వలేని మెత్తదనం అది. 50 పీఎస్‌ఐ కొట్టిన టైరు మీద కూర్చుని టైటానియం గురించి ఆలోచించడం అంటే కిటికీ తలుపులు మూసుకుని కొత్త ఫ్యాను కొనడమే. మరీ తగ్గిస్తే ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి పాము కాటులా రెండు గాట్లు పడతాయి. కాబట్టి రెండేసి పీఎస్‌ఐ తగ్గిస్తూ ఒకే దారిలో తొక్కి చూడాలి. ట్యూబ్‌లెస్ చేస్తే ఇంకా దిగొచ్చు. కంపచెట్ల మధ్య బాటల్లో తిరిగేవాళ్లకి సర్కారు తుమ్మ ముల్లు కోసం సీలెంట్ (కన్నాలు మూసే ద్రవం) ఎలాగూ తప్పదు.

ఎక్కడ తొక్కుతారన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. కొండపల్లి అడవి బాటల్లో, మూలపాడు వైపు రాళ్ల దిగుడుల్లో మనిషి సీటు మీద కూర్చోడు, పెడళ్ల మీద లేచి నిలబడతాడు. అక్కడ మోకాళ్లే షాకులు, పోస్ట్ ఏ లోహమైనా ఒకటే. ఆ దారులే ఎక్కువైతే మెత్త పోస్ట్ కన్నా సీటుని కిందికి దించే డ్రాపర్ మీద డబ్బు పెట్టడం నయం. అది మొండిదే అయినా. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి డొంకల సంగతి వేరు. వానలకి ట్రాక్టర్ చక్రాలు చేసిన చాళ్లు వేసవికి ఎండి రాయి కన్నా గట్టిగా తయారవుతాయి. కిలోమీటర్ల కొద్దీ కూర్చునే తొక్కాలి, దడదడ ఆగదు. సస్పెన్షన్ పోస్ట్ డబ్బులు వసూలయ్యే చోటు అది. కొండవీడు ఘాట్ రోడ్డు లాంటి తారు ఎక్కుడుకి గాలి సరిచేసిన టైరు, 27.2 అల్యూమినియం పోస్ట్, పిరుదుల ఎముకల వెడల్పుకి సరిపోయే సీటు ఉంటే మరేమీ అక్కర్లేదు.

మెత్తదనం విషయంలో లోహం ఎంపిక ఇంత చిన్నదైనా, ఇంకో చోట అది చాలా పెద్దది: తుప్పు. స్టీల్ ఫ్రేమ్‌లో అల్యూమినియం పోస్ట్ అంటే రెండు వేర్వేరు లోహాలు ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నట్టు. మధ్యలో ఉప్పునీళ్లు చేరితే అది బ్యాటరీయే. మన చెమటలో ఉప్పుకి కొదవలేదు. సీట్ ట్యూబ్ వెనక ఉన్న చీలికలోకి వెనక చక్రం వాన నీళ్లని, బురదని నేరుగా చిమ్ముతుంది. అక్టోబర్‌లో వానలు వెనకబట్టాక క్లాంపు వదులు చేసి పోస్ట్ లాగితే, నిగనిగలాడాల్సిన గొట్టం మీద సున్నం పూసినట్టు తెల్లటి పొడి కనిపిస్తుంది. అదే అల్యూమినియం ఆక్సైడ్. లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలే ఉబ్బి పోస్ట్‌ని పట్టేస్తుంది. గ్రీజు నిండుగా పూసి, వానాకాలానికి ముందోసారి తర్వాతోసారి పోస్ట్ బయటికి తీసి తుడిస్తే ఈ గొడవ రాదు. పాత ట్యూబు ముక్క కోసి క్లాంపు మీద తొడిగితే చీలికలోకి నీళ్లు వెళ్లవు. టైటానియం తుప్పు పట్టదు, కానీ దాని పక్కనున్న స్టీల్ పడుతుంది, కాబట్టి దానికీ గ్రీజు కావాలి. ఫ్రేమ్ లోపల తుప్పు పట్టకుండా నూనె పట్టించే అలవాటున్నవాళ్లు కార్బన్ పోస్ట్ దింపేముందు క్లాంపు భాగం శుభ్రంగా తుడవాలి, లేకపోతే పోస్ట్ జారిపోతుంది.

పట్టేసిన అల్యూమినియం పోస్ట్‌ని ఊడదీయడానికి చాలామంది మొదట చేసే పని బ్లోలాంప్‌తో వేడి చేయడం. అది సరిగ్గా తలకిందులు. ఒకే వేడికి అల్యూమినియం స్టీల్ కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. చేయాల్సింది చల్లబరచడం. చొచ్చుకుపోయే నూనె చీలికలోంచి రెండు రోజులు పట్టించి, పోస్ట్ బయటి భాగానికి ఐస్ గడ్డలు గుడ్డలో చుట్టి కట్టి, అరగంట తర్వాత పాత సీటు పట్టుకుని మెలితిప్పాలి. లాగడం కాదు, తిప్పడం. ఒక్క వెంట్రుకవాసి కదిలిందా, మిగతాది ఓపిక పని.

సెకండ్‌హ్యాండ్‌లో స్టీల్ హార్డ్‌టెయిల్ చూడబోయేవాళ్లు కూడా గేర్లకన్నా ముందు ఇదే చూసుకోవాలి. అలెన్ కీ వెంట తీసుకెళ్లి, క్లాంపు వదులు చేసి, సీటు పట్టుకుని తిప్పి చూడాలి. తిరిగితే పోస్ట్ బయటికి తీసి అడుగున అంకె చదువుకోవచ్చు. తిరగకపోతే ధర తగ్గించమని అడగడానికి అంతకన్నా మంచి కారణం దొరకదు.